ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి?

డిసెంబరు నెల రాగానే ఇక్కడి గ్రంథాలయాల్లో పిల్లల విభాగం ముందు ఒక బల్ల వేసి క్రిస్మస్ పుస్తకాలు పేరుస్తారు. మన పిల్లలు వాటిలోంచి సంచీ నిండా తెచ్చుకుంటారు. మా ఇంట్లో ఆ సంచీలో ఏటా తప్పకుండా వచ్చే పుస్తకం ఒకటుంది. దాని పేరు ‘ఎలోయీజ్ ఎట్ క్రిస్మస్‌టైమ్’. కే థాంప్సన్ అనే ఆవిడ రాసింది, హిలరీ నైట్ బొమ్మలు వేశాడు, 1958లో అచ్చయింది. మీలో చాలామంది దీన్ని పడుకోబోయే ముందు పిల్లలకు చదివి వినిపించే వుంటారు, చదువుతూ నవ్వే వుంటారు. మేమూ నవ్వాము. ఆ నవ్వును గురించే ఈ నాలుగు మాటలు.

తెలియని వారి కోసం సంగతి క్లుప్తంగా చెబుతాము. ఎలోయీజ్‌కి ఆరేళ్ళు. న్యూయార్కులో సెంట్రల్ పార్కు మూల మీద 1907లో తెరిచిన ప్లాజా హోటలు పైఅంతస్తులో వుంటుంది. బసకు వచ్చిన పిల్ల కాదు, కాపురమే అక్కడ. ఆ రోజుల్లో డబ్బున్నవాళ్ళు పెద్ద హోటళ్ళల్లో ఏళ్ళ తరబడి వుండిపోవడం వింతేమీ కాదు. పిల్లతో పాటు ఒక ఇంగ్లీషు ఆయా, ఒక కుక్క, ఒక తాబేలు వుంటాయి. తండ్రి ఊసు లేదు. తల్లి ఎప్పుడూ ప్రయాణాల్లోనే. ఆ పిల్ల మాటల్లో వినిపించడమే గాని మొదటి పుస్తకంలో ఎక్కడా ఆవిడ ముఖం కనిపించదు. పై అంతస్తుల నుంచి ఉత్తరాలు కిందికి జారవిడిచే గొట్టంలో కూజాడు నీళ్ళు పొయ్యటం, లిఫ్టుల్లో పైకీ కిందికీ తిరగటం, నడవల గోడల వెంట కర్రలు గీరుకుంటూ పరుగెత్తటం ఆ పిల్ల దినచర్య. క్రిస్మస్ పుస్తకంలో ఇదే అల్లరికి పండగ తోడవుతుంది. అలంకరణలూ, పాటలూ, కానుకలూ కలిసి హోటలంతా సందడే సందడి.

1955లో వచ్చిన మొదటి పుస్తకానికి ఒక ఉపశీర్షిక వుంది. తెలుగులో చెప్పాలంటే ‘ముదురు పెద్దల కోసం’ అని. అంటే రచయిత్రి దాన్ని పిల్లల పుస్తకంగా తలపెట్టలేదన్న మాట. ఆవిడ సినిమా సంగీత రంగంలో పేరున్న గాయని. పిల్లలు లేరు. తరవాత రాసిన పుస్తకాలను, ఈ క్రిస్మస్ పుస్తకంతో సహా, ఆవిడే అచ్చు నుంచి ఆపించేసింది. 1998లో ఆవిడ పోయిన తరవాతే అవి మళ్ళీ అంగళ్ళకు వచ్చాయి. కనుక పెద్దలు దీన్ని చదివి ఎందుకు నవ్వుతారు అని అడగటం రచయిత్రి ఉద్దేశానికి విరుద్ధం కాదనుకుంటాము.

ఎవరి ఇంట్లోనో జరిగే అల్లరికి నవ్వటం సులభం. ప్లాజా హోటలు సాక్షాత్తు ‘ఎవరి ఇల్లో’. ఆ గొట్టంలో నీళ్ళు పోస్తే తడిసిన ఉత్తరాలను ఏరి ఆరబెట్టే మనిషి బొమ్మలో వుండడు. గోడల మీద గీతలను తుడిచే మనిషీ వుండడు. ఆ పిల్ల ఏం తెప్పించుకున్నా ఖాతాలో రాసుకోమంటుంది, రాసుకుంటారు. ఆ ఖాతా ఒకనాడు తల్లికి చేరుతుంది, ఆవిడ చెల్లిస్తుంది. అంతటితో సరి. తల్లికి చేరేది బిల్లే గాని ఫిర్యాదు కాదు. మాకు ఈ పుస్తకంలో గుచ్చుకున్న ముల్లు ఇదే.

మన పిల్లల సాహిత్యంలో ఎలోయీజ్‌కి సరిజోడు బుడుగు. ఆశ్చర్యమేమంటే ఇద్దరూ దాదాపు ఒకే కాలంలో పుట్టారు. అక్కడ థాంప్సన్ మాటకు నైట్ గీత, ఇక్కడ ముళ్ళపూడి వారి మాటకు బాపు గారి గీత. ఇద్దరూ తమ కథ తామే చెప్పుకుంటారు. ఇద్దరికీ చదువు చెప్పడానికి వచ్చేవాడంటే ఆటగానే వుంటుంది. కాని బుడుగు ఇల్లు చూడండి. అమ్మా నాన్నా, బామ్మ, బాబాయి, పక్కింటి పిన్నిగారూ ఆవిడ మొగుడూ. వాడు ఏ మూల ఏం చేసినా ఎవరో ఒకరు కేకవేస్తారు. వాడిని కోప్పడే హక్కు పదిమందికి వుంది. ఆ పదిమందిలో జీతానికి కోప్పడేవారు ప్రైవేటు మాష్టర్లు మాత్రమే, వాళ్ళ మాటకు విలువెంతో బుడుగునే అడగాలి. ప్లాజాలో మనుషులు వందల్లో వున్నారు. కోప్పడదలిస్తే ఉద్యోగం సంగతి ఆలోచించుకోనక్కరలేని మనిషి ఒక్కడూ లేడు.

ఇంకొంచెం వెనక్కు వెళితే గోకులం. కృష్ణుడు వెన్న దొంగిలించాడు, కుండలు పగలగొట్టాడు, కోతులకు పంచిపెట్టాడు. గోపికలు ఊరుకున్నారా? గుంపుగా యశోద దగ్గరకు వచ్చారు. పోతన గారు ఆ ఫిర్యాదులను ఎంత ముచ్చటగా చెప్పించారో మనకు చిన్ననాటి నుంచీ తెలుసు. మన పెద్దలు ఆ ఘట్టాన్ని బాలకృష్ణుడి లీలగా చెబుతారు, భక్తులు వేదాంతం చెబుతారు. మేము వైద్యులం కాబట్టి మా చూపు యశోద మీదికి పోతుంది. ఆవిడ తాడు తెచ్చింది. రోటికి కట్టబోతే రెండంగుళాలు తక్కువైంది. ఇంకో తాడు ముడివేసింది, మళ్ళీ రెండంగుళాలే. ఇంట్లో వున్న తాళ్ళన్నీ అయిపోయాయి. ఆవిడకు చెమటలు పట్టాయి, కొప్పు వీడింది. అప్పుడు ఆ పిల్లవాడు తల్లి అలసట చూశాడు. చూసి, తనంతట తాను కట్టుబడ్డాడు.

ఇన్నేళ్ళుగా విన్న కథలో ఈ ఒక్క వాక్యం దగ్గర మేము ఆగిపోయాము. కట్టింది తాడు కాదు, దెబ్బ అంతకన్నా కాదు. తన మూలంగా ఒకరు అలిసిపోవటం కంటితో చూడటం. మరి ఎలోయీజ్‌కి ఆ అవకాశం ఎక్కడుంది? పెద్ద హోటలు అంటేనే అలసట కనిపించకుండా నడిచే ఇల్లు. పనివాళ్ళకు వేరే మెట్లు, వేరే లిఫ్టు, వేరే తలుపు. చెమట పట్టిన చొక్కాతో అతిథి ముందుకు రాకూడదు. నవ్వు చెరగకూడదు. ఇదంతా అతిథికి సుఖం. అక్కడే పెరిగే పిల్లకు ఇది సుఖమేనా?

ఎలోయీజ్ పుట్టిన మరుసటి ఏడు, అంటే 1956లో, లండను వైద్యుడు డొనాల్డ్ వినికాట్ సంఘవిరుద్ధ ప్రవృత్తి మీద ఒక పత్రం చదివాడు. పాడింగ్టన్ గ్రీన్ పిల్లల ఆసుపత్రిలో దాదాపు నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి. యుద్ధకాలంలో బాంబుల భయానికి నగరాల నుంచి పల్లెలకు తరలించిన పిల్లలను, వారిలో ఎవరింటా ఇమడలేక పోయినవారిని, దగ్గరగా చూసినవాడు. ఆయన చెప్పినదాని సారం ఇది. దొంగతనం చేసే పిల్లవాడు వెతుక్కునేది ఆ వస్తువును కాదు, తనకు హక్కున్న తల్లిని. పిల్లవాడు చుట్టూ వున్నవారికి తలనొప్పిగా తయారయ్యాడంటే వాడిలో ఆశ ఇంకా చావలేదని అర్థం. ఎవరో ఒకరు వచ్చి ఆపుతారని ఆశ. వెన్నదొంగ కథ విని పెరిగిన మనకు ఇది అంత కొత్తగా తోచదు. ఆ చూపుతో చూస్తే ఉత్తరాల గొట్టంలో పోసిన నీళ్ళు కూడా ఒక ఉత్తరమే. చిరునామా లేదు, అంతే.

ఇక్కడ మీరు ఒక అభ్యంతరం చెప్పవచ్చు. ఆయా వుంది కదా, ఆవిడ ప్రేమ ప్రేమ కాదా? ముమ్మాటికీ ప్రేమే. పుస్తకంలో ఎలోయీజ్‌కి అసలైన తల్లి ఆవిడే అని ఎవరైనా ఒప్పుకోవాలి. జీతం తీసుకుంటే ప్రేమ కల్తీ అవుతుందనే వాదన మాకు బొత్తిగా నచ్చదు. అలా అంటే పగలల్లా మన పిల్లలను చూసే డేకేర్ వారిని అవమానించినట్టు, ఆ మాటకొస్తే మా వృత్తినే అవమానించుకున్నట్టు. రెసిడెంట్లతో నాలుగు వారాల సగటు మీద వారానికి 80 గంటలకు మించి పని చేయించరాదని ఈ దేశంలో నియమం వచ్చింది 2003లో. ఆ 80 గంటలు ఇద్దరూ చేసే ఇళ్ళు మనలో ఎన్ని లేవు! ఆ ఇళ్ళల్లో పిల్లకు మొదటిసారి బూట్ల తాడు కట్టడం నేర్పింది జీతం తీసుకునే చెయ్యే. ఆ చేతికి మేము దణ్ణం పెడతాము. మా ప్రశ్న వేరు. ప్రేమించే హక్కు ఆ చేతికి ఇచ్చాము, బాగానే వుంది. అలిసిపోయానని చెప్పే హక్కు ఇచ్చామా?

క్రిస్మస్ సంగతికి వద్దాము. ఈ పుస్తకంలో మాకు అన్నిటికన్నా నచ్చింది, ఆ పిల్ల పండగకు హోటలు పనివాళ్ళను గుర్తుపెట్టుకుని కానుకలు ఇవ్వటం. చదివినప్పుడల్లా మాకు దసరా మామూళ్ళు గుర్తుకు వస్తాయి. పోస్టుమాను, చాకలి, పాలవాడు, అందరూ గుమ్మంలో నిలబడితే నాన్నగారు చిల్లర సిద్ధంగా పెట్టుకుని పేరుపేరునా ఇచ్చేవారు. ఈ దేశంలోనూ డిసెంబరులో అపార్టుమెంటు కాపలాదారుకీ, మంగలికీ, పేపరు వేసేవాడికీ కవరులో డబ్బు పెట్టి ఇవ్వటం ఆచారం. క్రిస్మస్ పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే పిల్లలను చూసినా మనకు అదే ధోరణి. విల్లంబులు పట్టుకున్న పిల్లలను వెంటేసుకుని దసరాకు పంతులుగారు ఇల్లిల్లూ తిరగటం మన పెద్దలు చూసినదే. మన సంఘంలో క్రైస్తవ కుటుంబాలు వున్నాయి. గుంటూరు నుంచి వచ్చిన వారికి క్రిస్మస్ ఇక్కడికి వచ్చి నేర్చుకున్న పండగ కాదు, హేయర్ దొర గుంటూరుకు వచ్చిన 1842 నుంచీ లెక్క. వారిని అడిగితే నక్షత్ర దీపం, కొత్తబట్టలు, అర్ధరాత్రి ఆరాధన గురించి మాకన్నా బాగా చెబుతారు.

అయితే మామూలుకూ కానుకకూ తేడా వుంది. మామూలు ఇస్తే ఏడాది లెక్క తీరుతుంది. కానుక ఇస్తే లెక్క మొదలవుతుంది. ఎలోయీజ్ ఇచ్చేది ఏది? మాలో మాకే ఏకాభిప్రాయం కుదరలేదు. తల్లి ఖాతాలో కొన్న వస్తువు గనక మామూలే అని ఒక వాదం. ఆరేళ్ళ పిల్ల అంతమంది అవసరాలు గుర్తుపెట్టుకుంది గనక కానుకే అని ఇంకో వాదం. రెండో వాదం వైపే మా మొగ్గు. ఏడాది పొడుగునా తన అల్లరి మోసిన మనుషులను ఆ ఒక్క రోజు ముఖాలుగా చూస్తుంది కదా.

అన్నట్టు, ఆ హోటలు వారు తెలివైనవారు. 1960లలో హిలరీ నైట్ వేసిన ఆ పిల్ల చిత్రపటాన్ని చట్రం కట్టి వేలాడదీశారు. అల్లరి పిల్ల అతిథులను రప్పించే ఆకర్షణ అయి కూర్చుంది. ఆ హోటలులో పెద్ద వాటా 2012 నుంచి 2018 దాకా మన సహారా వారి చేతిలో వుండి, తరవాత ఖతార్ వారికి వెళ్ళింది. యజమానులు మారుతూనే వుంటారు. లిఫ్టు మీటలు తుడిచేవారి మీద మాత్రం ఎవరూ పుస్తకం రాయరు.

మీటలంటే గుర్తుకు వచ్చింది. కిందటి డిసెంబరు సెలవుల్లో మూడు కుటుంబాల వాళ్ళం కలిసి ఒక పెద్ద హోటలులో రెండు రాత్రులున్నాము. క్రిస్మస్ చెట్టు మూడంతస్తుల ఎత్తుంది. మా పిల్లలూ స్నేహితుల పిల్లలూ కలిసి నడవలో వేడి చాక్లెట్ గ్లాసులతో పరుగులు పెట్టి తివాచీ మీద ఒలకబోశారు. గదులు శుభ్రం చేసే ఆవిడ, వయసు యాభై దాటి వుంటుంది, మోకాళ్ళ మీద కూర్చుని రుద్దుతోంది. ఆవిడ లేచేటప్పుడు గోడ పట్టుకున్న తీరు చూస్తే మోకాలి కీలు ఎంత అరిగిందో మాకు ఎక్స్‌రే లేకుండానే తెలిసింది. మా ఆరేళ్ళవాణ్ణి పిలిచి ఆవిడకు క్షమాపణ చెప్పమన్నాము. వాడు చెప్పాడు. ఆవిడ నవ్వి, ఫరవాలేదు బాబూ, ఇది నా పనే కదా అంది. లిఫ్టులో వాడు మమ్మల్ని అడిగాడు: “ఆవిడ పనే అయితే నేను సారీ ఎందుకు చెప్పాలి?”

ప్రశ్న చిన్నది కాదు. వాడు మొండితనానికి అడగలేదు, తర్కానికి అడిగాడు. డబ్బు తీసుకుని చేసే పనికి ఋణం వుంటుందా వుండదా? జీతంతో చెల్లు అయితే క్షమాపణ మర్యాద కోసం చెప్పే అబద్ధం. చెల్లు కాకపోతే మిగిలినదెంత, ఎవరికి, ఎలా తీర్చాలి? మన ధర్మశాస్త్రాలు దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అని మూడు లెక్కపెట్టాయి. గది తుడిచే మనిషి ఋణానికి పద్దు పెట్టినట్టు లేదు.

మేము వాడికి ఇచ్చిన జవాబు మా ఉద్యోగంలోంచి వచ్చింది. ‘ఇది నా పనే కదా’ అనే మాట మేమూ అంటాము. రాత్రి మూడు గంటలకు రోగి కొడుకు గొంతు చించుకుని తిట్టి, తెల్లవారాక సిగ్గుపడి క్షమించమంటే, ఫరవాలేదు, ఇది మా పనే కదా అంటాము. ఆ మాటకు అర్థం దెబ్బ తగల్లేదని కాదు. తగిలింది, నీకు చూపించము, ఎందుకంటే నువ్వు రోగివి, మేము సేవకులం, అని. ఆసుపత్రికీ హోటలుకూ ఇంగ్లీషులో వున్న రెండు పేర్లూ అతిథి అనే అర్థం గల లాటిన్ మాటలోంచే పుట్టాయి. క్రిస్మస్ రాత్రి డ్యూటీ మన వైద్యులు చాలామంది అడిగి మరీ వేయించుకుంటారు. ‘మాది కాదు ఈ పండగ, మీరు ఇంటికి వెళ్ళండి’ అని తోటివారితో అంటారు. ఆ రాత్రి వార్డులో మనం ఎలోయీజ్ తల్లులమూ కాదు, తండ్రులమూ కాదు. కూజాడు నీళ్ళు ఎక్కడ పోశారో చూసుకుని తుడిచే మనుషులం. ఇంట్లో మన పిల్ల ఆయాతో పండగ చేసుకుంటూ వుంటుంది. రెండు వైపులా మనమే.

అందుకే వాడితో అన్నాము: ఆవిడకు జీతం ఇచ్చేది నేల తుడిచినందుకు. నీమీద కోపం రానట్టు నవ్వినందుకు ఎవరూ ఇవ్వరు. నువ్వు సారీ చెప్పింది ఆ నవ్వుకు. వాడికి ఎంతవరకు ఎక్కిందో మాత్రం చెప్పలేము. ఐదో అంతస్తు రాగానే పరుగెత్తాడు.

పాతకాలమే బాగుండేదని చెప్పటానికి ఇదంతా రాస్తున్నామని అనుకోవద్దు. ఆ వీధిలో పదిమందికి చెవి మెలేసే హక్కుండేది నిజమే. బెత్తంతో వాతలు తేల్చే హక్కు కూడా వుండేది, దానికి మేము ఒప్పుకోము. పిల్లలను కొట్టటం వల్ల మేలు లేదు, కీడు వుంది అని ఇక్కడి శిశువైద్యుల సంఘం 2018లో స్పష్టంగా ప్రకటించింది. మేము క్లినిక్కులో తల్లిదండ్రులకు అదే చెబుతాము. కాని చెయ్యి ఎత్తకపోవటం వేరు, నోరు ఎత్తకపోవటం వేరు. మన సంఘం సమావేశాలు గమనించండి. ఎవరి పిల్లవాడో సాంబారు గిన్నెలో చెయ్యి పెడితే చుట్టూ వున్న పెద్దలం ఏమంటాము? ‘పిల్లలు కదా’ అని నవ్వుతాము. వాడి తల్లి ఏమనుకుంటుందో అని భయం, పై నెల వాళ్ళింట్లోనే భోజనాలు కదా అని మొహమాటం. ఎవరి దగ్గరా జీతం తీసుకోకుండానే మనం ఒకరి పిల్లల ముందు ఒకరం ప్లాజా హోటలు సిబ్బందిలా తయారయ్యాము. చెమట దాచుకుంటున్నాము.

సందర్శకుల వీసా మీద ఆరు నెలలకు వచ్చే అమ్మమ్మలు ఈ విషయంలో మనకన్నా నయం. మా అత్తగారు ఎవరి పిల్లవాణ్ణయినా, ఏ దేశపు పిల్లవాణ్ణయినా, తెలుగులోనే కోప్పడతారు. రెండుసార్లు వాడి వెనక మెట్లెక్కి దిగాక సోఫాలో కూలబడి, అమ్మో నావల్ల కాదురా తండ్రీ అని ఆయాసపడతారు. దాచుకోవటం ఆవిడకు తెలియదు. మావాడు దూరంగా నిలబడి ఆవిడ ఊపిరి తీసుకోవటం చూస్తాడు. ఆ తరవాత కొంతసేపు ఇంట్లో చప్పుడు వుండదు.

కార్యవర్గం వారికి ఒక మనవి. జనవరిలో సంక్రాంతి సమావేశం అయిపోగానే మనం ఫోటోలు దిగి, మిగిలిన పులిహోర డబ్బాల్లో సర్దుకుని వెళ్ళిపోతాము. ఆ రెండువందల మడతకుర్చీలను రాత్రి పదకొండింటికి ఆ హాలు కాపలాదారు ఒక్కడే మడిచి గోడకు చేరుస్తాడు. ఈసారి ఆ పని ఆరేళ్ళు దాటిన పిల్లలందరికీ అప్పగించి, ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఎలా మడవాలో వాళ్ళకు చెప్పమనండి. తప్పు చేస్తే ఆయనే కేకలు వెయ్యవచ్చునని కూడా ముందుగా ఆయనతో చెప్పాలి, లేకపోతే వెయ్యడు. మా ఇంటి నుంచి ఇద్దరు వస్తారు.